దిగమన్న మనిషి

"వేలు ఇయ్యి బిడ్డా."

తేజేష్‌కు ఒళ్లు మండింది. ఐదు రోజులుగా ఇదే మాట.

"పొద్దున్నే సూసినవ్ కదా అంకుల్!"

"పొద్దున గింత ఎత్తు మీద లేము గదా. జర ఇయ్యి."

సిద్దయ్య అతని వేలికి క్లిప్పు తగిలించాడు. ఆక్సిజన్ చూసే చిన్న మిషన్. కింద ఊళ్లో తొంభై దాటే అంకె ఇక్కడ అరవై రెండు దగ్గర ఆగింది.

కిలిమంజారో మీద అదే ఆఖరి క్యాంపు. ఆ రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి శిఖరం.

ఉప్పల్‌లోని ఒక ట్రెక్కింగ్ సంస్థ తీసుకొచ్చిన పదిమందిలో తేజేష్ ఒకడు. నాచారంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఈ కొండ కోసం ఏడాదిపాటు ప్రతి ఆదివారం వీపున ఇసుక మూట వేసుకుని కీసరగుట్ట ఎక్కాడు.

సిద్దయ్యకు అరవై దాటాయి. ఆయనదీ నాచారమే, పాత ఊరు. ఈ వయసులో ఆఫ్రికా దాకా ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియదు. కొండ వైపు చూడడు. ఫొటో దిగడు. అందరి వేళ్లూ పట్టుకుంటాడు. నీళ్లు తాగిన్రా అని సతాయిస్తాడు. టీమంతా 'ఆక్సిజన్ మామ' అని పేరు పెట్టింది.

"తల నొస్తుందా?"

"లేదు."

"మరి టెంట్ ఎనుక కక్కింది ఎవలు?"

తేజేష్ వంగి బూటు లేసులు కట్టుకోసాగాడు.

సిద్దయ్య బూటుతో మట్టిలో ఒక గీత గీశాడు.

"దీని మీద నడువు."

"నేనేమన్న తాగిన్నా?"

"నడువు బిడ్డా."

నడిచాడు. నాలుగో అడుగుకే తూలి, పక్కనున్న బండ పట్టుకున్నాడు.

సిద్దయ్య టీం లీడర్‌ను కేకేశాడు. గిరిప్రసాద్ వచ్చాడు. సంస్థ కూడా అతనిదే.

"పిల్లగానికి గాలి సరిపోతలేదు, కిందికి దించు. ఇప్పుడే."

"గోలీ ఏసుకుంటే సెట్ అయితడు అన్నా. ఇంకొక్క రాత్రే కదా..."

"దించుతవా, నన్ను నోరిప్పమంటవా?"

గిరిప్రసాద్ ముఖం పాలిపోయింది. మారుమాట లేకుండా ఒక గైడ్‌ను పిలిచాడు.

సిద్దయ్య కూడా దిగాడు, తేజేష్ బ్యాగు తన భుజానికి తగిలించుకుని. దారి పొడవునా తేజేష్ తిడుతూనే ఉన్నాడు. మూడు గంటలు దిగేసరికి తలనొప్పి పోయింది. ఆకలి కూడా వేసింది.

"సూడు, నాకేం కాలే! నీవల్ల మొత్తం ఖరాబైంది."

"ఏం కాలేదు గదా. గది చాలు" అన్నాడు సిద్దయ్య.

తర్వాత రెండు రోజులు సఫారీ.

శిఖరం ఎక్కిన ఎనిమిది మందీ జీపులో సర్టిఫికెట్లు చూపించుకుంటున్నారు. తుమ్మచెట్టు నీడలో సింహాలు పడుకుని ఉన్నాయి. అందరూ కెమెరాలు తీశారు.

సిద్దయ్య వెనక సీట్లోంచి నీళ్ల బాటిల్ చాచాడు.

"ఎండ మస్తుంది. తాగు బిడ్డా."

తేజేష్ ఆ చేతిని విసురుగా తోసేశాడు.

"అసలు నువ్వెవనివి నాకు?"

మిగతావాళ్లు కెమెరాలు దించి వెనక్కి తిరిగారు.

"ఎవన్ని గాను" అన్నాడు సిద్దయ్య.

సింహాలు లేచి, ఒళ్లు విరుచుకుని, గడ్డిలోకి వెళ్లిపోయాయి. ఆయన తల ఎత్తి చూడలేదు.

ఇంటికి రాగానే తేజేష్ సంస్థకు కంప్లైంట్ రాశాడు. 'ముసలివాళ్లను తీసుకురాకండి. తాము ఎక్కలేక, ఎక్కేవాళ్లను దింపుతారు.'

గిరిప్రసాద్ స్వయంగా ఫోన్ చేశాడు.

"కరెక్ట్ రాసినవ్ తమ్మీ. ఇగ ఆయనను తీస్కపోయేది లేదు. నీ లెటర్ నాకు మస్తు పనికొస్తది."

ల్యాబ్‌లో తేజేష్ పక్క టేబుల్ గౌతమిది. అతని ఫొటోలు చూసీ చూసీ తనూ పోతానంది. తర్వాతి బ్యాచ్‌లో పేరు రాయించుకుంది.

"ఏమన్న చెప్పు తేజేష్, భయమైతుంది."

"తలనొప్పి అందరికీ వస్తది, ఫికర్ చెయ్యకు. ఎవరు దిగమన్నా మాత్రం దిగకు."

గౌతమి దిగలేదు.

ఆమె బయల్దేరిన పదకొండో రోజున ఉప్పల్‌లోని ఇంటికి శవపెట్టె వచ్చింది. ఆఖరి క్యాంపులో కక్కుకుందట. తూలిందట. అయినా నడిపించారట. అరుగు మీద కూర్చున్నవాళ్లు చెప్పుకుంటుంటే తేజేష్ విన్నాడు. గౌతమి వాళ్లమ్మ ముందు నిలబడలేకపోయాడు.

మర్నాడు నాచారం పాత ఊరిలో అడుగుతూ అడుగుతూ సిద్దయ్య ఇల్లు పట్టుకున్నాడు. ఆయన భార్య ముత్తమ్మ తలుపు తీసింది.

"మామ ఉన్నడా అమ్మా?"

"లేడు బిడ్డా. ఆఫ్రికాల పోయిన పిల్ల లేదూ, ఉప్పల్ పిల్ల? వాళ్లింటికి పోయిండు. నిన్నటిసంది మెతుకు ముట్టలే."

తేజేష్ తలుపు చట్రం పట్టుకున్నాడు.

"గా బ్యాచ్‌ల ఈయన గూడ పోయేదుండె. ఆఖరికి పేరు తీసేసిన్రు. ఎవలో కాయితం రాసిండట."

"ఎవరో తెలుసా అమ్మా?"

"తెల్వది. తెలిసినా ఏం జేస్తం? ఆనికి మాత్రం ఏమెరుక!"

లోపలికి రమ్మని ఆమె పక్కకు జరిగింది. అతను గడప దాటలేకపోయాడు.

"గీ వయసుల... మామ అక్కడికెందుకు పోతుండె అమ్మా?"

ముత్తమ్మ గడప మీద కూర్చుంది.

"మా ఒక్కగానొక్క బిడ్డ మానస గా గిరిప్రసాద్ ఎంబడి పోయి, గా గుట్ట మీదనే పానం ఇడిసింది నాయినా; అప్పటిసంది వాడు ఎవలి పిల్లలను తీస్కపోయినా, ఈయన గూడ ఎంబడి పోతుండె."