కదలని ముల్లు

"పన్నెండు కిలోల రాగి. వెయ్యీ ఎనభై అయిదు డిగ్రీల దాకా కాగాల. ఆపైన కరగడానికి వేరే వేడి," అంటూ పోతపని చేసే నాగుల్ మీరా గోడమీద సుద్దతో లెక్క వేశాడు.

"తూకం సరిగా రాయన్నా. తర్వాత మాటలొద్దు," అన్నాడు చిన్నవాడు తహీర్. పెద్దవాడు సైఫుల్లా మొహం తిప్పుకున్నాడు. వీధిలో పెళ్లిళ్లన్నిటికీ బిర్యానీ వండిన తమ ఇంటి రాగి డేగిసా ఎవరికి దక్కాలో తేలక, అన్నదమ్ములిద్దరూ దాన్ని కరిగించి చెరిసగం పంచుకోవడానికి వచ్చారు.

"మూణ్ణెల్లుగా ఇంట్లో గొంతు లేచింది లేదు మీరా. సర్దుకున్నారనుకున్నా," అంది వాళ్ల వెంట వచ్చిన తల్లి సర్దార్‌బీ.

"రాగీ అంతే పెద్దమ్మా. కాగేటప్పుడు వేడి చూపే మీటరు ముల్లు ఎక్కతా ఉంటాది. కరగడం మొదలైనాక ఎంత బొగ్గేసినా కదలదు. ఆ వేడంతా లోపల విడగొట్టడానికే పోతాది."

సర్దార్‌బీ కొడుకులిద్దరి వైపూ చూసింది. ఒక్కరూ తలెత్తలేదు.

చేతిసంచిలోంచి రాగి గరిటె తీసింది. పిల్లలు మనసు మార్చుకుంటే ఈ పూటే ఆ డేగిసాలో వండిపెడదామని వెంట తెచ్చుకున్న గరిటె అది.

"దీన్నీ తూకంలో వేసుకో నాయనా. లెక్క మళ్లీ కట్టు."