విజయ గాజుల చప్పుడు

చాందినీ మార్కెట్లో పాత స్పీకర్ల భాగాలు ఆ రోజు కూడా లేవన్నారు.

"ఈ మాల్ ఇప్పుడెవరు చేస్తారు దాదా? కొత్త సెట్టు కొనుక్కో," అన్నాడు దుకాణం మనిషి.

యెషయాకి ఒళ్ళు మండిపోయింది. కొత్తవి అరుస్తాయి. కిదిర్‌పూర్‌లో ఓ ఓడ ఖలాసీ దగ్గర కొన్న తన పాత స్పీకర్లు పక్కన కూర్చున్న మనిషిలా వెచ్చగా మాట్లాడతాయి. చెడిందల్లా ట్వీటర్లే, సన్నటి శబ్దాలు పలికే ఆ చిన్న భాగాలు. లావు గొంతులన్నీ బాగానే వస్తున్నాయి.

అతనికి కావలసినవి సన్నవే. పన్నెండేళ్ళకే జ్వరంతో పోయిన కూతురు విజయ కుమారి, చర్చిలో క్రిస్మస్ పాట పాడిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది. పాడుతూ చప్పట్లు కొడితే పిల్ల గాజులు గలగలమనేవి. ఇప్పుడు గాజులు లేవు. గొంతు కూడా దుప్పట్లోంచి వస్తున్నట్టుంది.

"నాకు ఇనబడతంది మావా," అనేది డోర్కాస్, క్యాసెట్ పెట్టినప్పుడల్లా.

"నీకు మనసులో ఇనబడతంది. తల్లివి కదేటి," అనేవాడు యెషయా. పెళ్ళాం ఇంక వాదించేది కాదు. కళ్ళు తుడుచుకునేది.

గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టేచోట వాటి కడుపుల్లో దూరి, ఇనప రేకుల మీద సుత్తి కొట్టి కొట్టి రిటైరయ్యాడు. మిగిలిన సుఖం ఆ పాటొక్కటే. ఇప్పుడు అదీ పోయింది. వాట్‌గంజ్‌లోని ఆ ఒంటిగది కొంపలో ఏ వస్తువూ సరిగా ఏడవదని విసుక్కుంటూ, మోగని కాలింగ్ బెల్లుని మొన్ననే పీకి పారేశాడు.

ఎర్రజెండాల ఊరేగింపుకి ట్రాములు ఆగిపోయిన ఓ సాయంత్రం, పాత సామాన్ల కొట్లో అచ్చం అలాంటి ట్వీటర్ల జతే దొరికింది. కొట్టతను తన రేడియోకి తగిలించి, "చూడు దాదా, గంటలా లేదూ?" అన్నాడు. ఆ నినాదాల గోలలో యెషయాకి ఏమీ తెలియలేదు గానీ, అతని మొహం చూసి నమ్మాడు. జేబులో పెట్టుకుని ఇంటిదాకా నడిచే వచ్చాడు.

డోర్కాస్ బిందె పట్టుకుని గుమ్మంలో ఉంది.

"కుళాయికెల్లొత్తాను. కుక్కరెట్టాను. రెండు కూతలొత్తే స్టవ్ ఆర్పీ మావా."

అతను తలూపి, స్టవ్ పక్కనే స్పీకర్లు ముందేసుకుని కూర్చున్నాడు. తెచ్చిన జత బిగించి తీగలతికాడు. క్యాసెట్ పెట్టాడు.

అదే దుప్పటి గొంతు. గాజులు లేవు. వాల్యూం పెంచాడు. లేవు.

"ఇవీ సచ్చినవే," అనుకున్నాడు. ఇంక వెతకడానికి కొట్టు లేదు, ఓపికా లేదు. క్యాసెట్ ఆపేసి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. గదిలో ఏ చప్పుడూ లేదు.

వీధి చివర కుళాయి దగ్గర నిలబడ్డ డోర్కాస్, తన ఇంట్లో ఎంతసేపటికీ ఆగకుండా కూస్తున్న కుక్కరుని విని, బిందె అక్కడే వదిలేసి పరుగెత్తింది.