తలుపు వేసి అడిగిన ప్రశ్నలు

కెమిస్ట్రీ చదువుతానన్న అంధ విద్యార్థినిని కూర్చోబెట్టి, కెరీర్ సలహాదారు తలుపు గడియ వేశాడు.

"యాసిడ్ ఎలా కొలుస్తావమ్మా?"

"కొలత పైకి చదివే మిషన్ ఉంది సార్."

"పొరపాటు జరిగితే?"

"చూపున్నవాళ్లకి జరగవా సార్?"

ఆయన నవ్వలేదు. సీనియర్ ఒకామె ముందే హెచ్చరించింది, "ఆయన గుచ్చి గుచ్చి అడిగాడంటే సీటు మీద ఆశ వదులుకోవే," అని.

"చూపు లేదని మొదట్లో భయం వేసిందా?" గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె జవాబిచ్చేలోగా ఆయన చెయ్యి తగిలి బల్ల మీది గ్లాసు దొర్లింది. నీళ్లు ఆమె ఒళ్లోకి కారాయి. తర్వాత, బల్లను తడుముతున్న ఆయన అరచేతి చప్పుడు. అది ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు.

"పైనుంచి కాదు సార్. చెయ్యి బల్లకి ఆనించి మెల్లగా జరపండి."

చప్పుడు ఆగింది.

"నీకు కెమిస్ట్రీయే రాస్తాను. ఈ సంగతి మాత్రం గది దాటకూడదు," అన్నాడు. "మా ఇంట్లోనే ఇంకా తెలీదమ్మా."