చూడని వంతెనకు సంతకం

వంతెనలు గీసేదీ కట్టేదీ యంత్రాలే అయ్యాక ఇంజనీర్లకు మిగిలిన పని సంతకం ఒక్కటే. ఏదైనా కూలితే కేసు పెట్టడానికి ఒక మనిషి పేరు కావాలి కదా! అనకాపల్లి నీలవేణి చేస్తున్న అప్రెంటిస్ డిగ్రీ అంతా ఆ సంతకాలే. ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, రెండో చేతి వేలితో ఫోను మీద పెట్టేసేది.

కిందటి నెల ఆమె సీనియర్ హేమలతను పోలీసులు తీసుకుపోయారు. తను ఏనాడూ చూడకుండానే సంతకం పెట్టిన కల్వర్టు కూలిందట. అందుకే శారదా నది కాలివంతెన సంతకానికి వచ్చినప్పుడు నీలవేణి వేలు కదలలేదు. గైడు సన్యాసిరావుకు ఫోన్ చేసింది.

"ఒకసారి చూసొచ్చి పెడతాను సార్."

"చూడ్డం సిలబస్‌లో లేదమ్మా. మధ్యాహ్నంలోగా పెట్టకపోతే డిగ్రీ పోద్ది."

"కూలితే జైలుకెళ్లేది సిలబస్సా, నేనా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

"పెట్టీయే, అందరూ పెట్టడం లేదేటి?" అంది తల్లి తాయారు.

"అదేనమ్మా నా ఒళ్లు మండేది!" అంటూ నీలవేణి సుత్తి పట్టుకుని బయల్దేరింది.

మోకాలి లోతు బురదలో దిగి, పొద్దు వాలేదాకా వంతెన కింద ప్రతి అతుకునూ కొట్టి చూసింది. ఎక్కడా లోపం లేదు. ఒడ్డునే నిలబడి సంతకం పెట్టింది. గడువు దాటిందని, ఇల్లు చేరేలోపే డిగ్రీ రద్దయింది.

తాయారు నెత్తి కొట్టుకుంది. "బాగానే ఉందంతన్నావు కదే, మరెందుకెళ్లినట్టు?"

"బాగుందని ఇప్పుడు నాకు తెలుసు," అంది నీలవేణి, పళ్లు బిగించి. "ఇన్నేళ్ల చదువులో నాకు తెలిసింది ఇదొక్కటే."