చంద్రుడికి రెండో కోటు

"పని ఆపు లచ్చన్నా. అంగారకుడు క్యాన్సిల్," అన్నాడు సూపర్‌వైజర్ తారిఖ్, ఫోన్ జేబులో పెడుతూ.

ఒమాన్ ఎడారిలో ఒక పెద్ద దేశం తన వ్యోమగాముల అంగారక యాత్ర తర్ఫీదుకు కట్టిస్తున్న ఇల్లది. దానికి ఎర్రరంగు పూస్తున్న లచ్చన్న నిచ్చెన దిగలేదు.

"ఎవలు క్యాన్సిల్ జేసిండ్రు భాయ్?"

"ఆ దేశానికి కొత్త ప్రెసిడెంట్ వచ్చినాడు. పాతాయప్ప అంగారకుడంటే ఈయప్ప చంద్రుడంటాండాడు. ఇంక మనకు ఇంటికి టికెట్లే."

మస్కట్ దగ్గరి మబేలాలో తారిఖ్ భార్య మహమూదా నిన్ననే కొత్త కాపురానికి పరదాలు కట్టింది. అతనికి అవే కళ్లలో ఆడుతున్నాయి.

"గింతేనా? మా ఊర్ల సర్పంచ్ మారినప్పుడల్లా పంచాయతీ ఆఫీసుకు రంగు మారుస్తరు. ఓపారి గోడకానుకొని పండుకున్న మా బర్రెకు గూడ పూసిండ్రు. సచ్చేదాంక గదే పార్టీల ఉన్నది పాపం. ఇల్లు గదే గద భాయ్, బూడిదరంగు తెప్పియ్. చంద్రున్ని జేస్త."

తారిఖ్ నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే పైవాళ్లకు ఫోన్ చేసి అదే చెప్పాడు. అవతల కాసేపు గుసగుసలాడుకుని సరేనన్నారు.

"బతికిపోతిమి లచ్చన్నా!"

"గీ ఎర్ర డబ్బాలు పారబొయ్యాల్నా మరి?"

"వద్దొద్దు. మూతలు గట్టిగా బిగించి నీడలో పెట్టు. వాళ్లకూ మళ్లా ఎలక్షన్లు వస్తాయి కదా."