వంటవాడి పేరు

పరదేశి మాస్టారు పోయిన మూడో రోజున, ఆయన తెప్పించిన పుస్తకాల పార్సిలు చోడవరం రీడింగ్ రూమ్‌కు చేరింది. అందులో రెండు పుస్తకాలున్నాయి. రెండూ అమెరికా మొదటి ప్రెసిడెంటు వాషింగ్టన్ జీవిత చరిత్రలే. నచ్చినది ఉంచుకుని, రెండోది మర్నాటి బస్సులో విశాఖపట్నం షాపుకు తిప్పి పంపాలి.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు రీడింగ్ రూమ్ అధ్యక్షుడు, ప్లీడరు గణపతిరావు. బంగారు అంచు పుస్తకం అప్పటికే ఆయన చేతిలో ఉంది. "ఇది అద్దాల బీరువాలో పెడదాం. రెండోది పంపించేద్దాం. పరదేశిగారితోపాటే ఆ సాయంత్రం చదువులూ అయిపోయేయి. ఇకమీదట ఎవరికి వాళ్ళు చదువుకుంటారు."

బెంచీల మీద కూర్చున్న చెరకు రైతుల్లో చాలామందికి చదువు రాదు. పరదేశి మాస్టారు ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని తెలుగులో చెబుతూ ఉంటే వినడానికే వాళ్ళు రోజూ వచ్చేవారు. రాజు లేని దేశం ఎలా నడుస్తుందో చెప్పమని అడిగింది కూడా వాళ్ళే.

"చదువు ఆగదండి. నేను చెబుతాను," అన్నాడు సత్యారావు. ఆయన పరదేశి మాస్టారి బడిలోనే టీచరు.

"మీరా?" అన్నాడు గణపతిరావు. "ఆయన చెబుతా ఉంటే వీళ్ళు చుట్ట ఆరిపోయిన సంగతి చూసుకునేవారు కాదు. మీరు చెబితే క్లాసులో పిల్లలకే నిద్రొస్తాదని వింటన్నాం."

ఒకరిద్దరు నవ్వారు. సత్యారావు బల్ల దగ్గరికి వచ్చాడు.

"రెండు పుస్తకాల్లోనూ ఒకే సంగతి తీసి చెబుతాను. వీళ్ళు ఏది వింటామంటే అది ఉంచి, రోజూ చదువుదాం. ఏదీ అక్కర్లేదంటే, మీరన్నట్టే బీరువాకి తాళం వేసుకోండి."

ఎదుటివాడే తాను ఓడిపోయే కేసు తెచ్చి చేతిలో పెడితే ఏ ప్లీడరు వద్దంటాడు? గణపతిరావు ఒప్పుకున్నాడు.

సత్యారావు ముందు బంగారు అంచు పుస్తకం తెరిచాడు. ప్రెసిడెంటు ఇంటి సంగతులున్న అధ్యాయం తీశాడు. ఆయన ఎన్నడూ అబద్ధమాడలేదు. ఆయన ఎవరినీ నొప్పించలేదు. వచ్చినవారందరికీ ఆయన ఇంట్లో విందే.

"ఇలాటోడు మా ఊర్లోనూ ఒకడున్నాడు బాబూ," అన్నాడు పెదబాబు అనే రైతు. "గుళ్ళో ఉన్నాడు. పలకడు."

సత్యారావు రెండో పుస్తకం తీశాడు. ముతక అట్ట, సన్నటి అచ్చు. ఇందులో ఎన్ని ఎకరాలు, ఎంత పంట, ఏ వారం ఎంతమంది అతిథులు అనేది వివరంగా ఉంది. సత్యారావు గొంతు పాఠం చెప్పినట్టే సాగింది. వెనక బెంచీలో ఇద్దరు లేచి నిలబడ్డారు. గణపతిరావు గడియారం చూసుకున్నాడు.

"అంతమందికీ ఒంట ఎవులు సేసేవోరు బాబూ?"

అడిగింది మణెమ్మ. రోజూ ఆ గది ఊడ్చి, దీపం చిమ్నీ తుడిచేది ఆమే.

గణపతిరావు నవ్వాడు. "దేశాన్ని గెలిచిన మనిషి గురించి చెబుతా ఉంటే నీకు వంట కావలసొచ్చిందా?"

"ఎవులో ఒకులు ఒండాల గదా బాబూ. పెసిడెంటుగోరి ఆడమనిషి ఒండుద్దా?"

సత్యారావు బంగారు అంచు పుస్తకం మళ్ళీ తిరగేశాడు. "ఇందులో విందులున్నాయి. పళ్ళేలు వెండివని ఉంది. వండినవాళ్ళ మాట లేదు." తర్వాత రెండోది చివరినుంచి వెతికాడు. "ఇందులో ఉంది. వంటవాడి పేరు హెర్క్యులిస్. బానిస."

"బానిసంటే ఏటి?" అన్నాడు పెదబాబు.

"కొనుక్కున్న మనిషి. జీతం ఉండదు. వెళ్ళిపోతానంటే వీల్లేదు." సత్యారావు వేలు అక్షరాల వెంట కదులుతోంది. "ఆయన చేతి వంటకి పెద్ద పేరు. ఒకరోజు పారిపోయాడు. దొరగారు ఉత్తరాలు రాసి వెతికించారు."



"దొరికేడా?" అంది మణెమ్మ.

సత్యారావు పేజీ తిప్పాడు. ఆ పక్క పేజీ చివరిదాకా చదివాడు. అప్పుడు తలెత్తాడు.

"దొరకలేదు."

పెదబాబు బెంచీ మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. "ఎల్లిపోనాడ్రా ఒరే." అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎక్కడికెళ్ళేడు, మరి దొర ఏటి తిన్నాడు, కొత్తోడి కూర నచ్చిందా. లేచి నిలబడ్డ ఇద్దరూ ఎప్పుడు కూర్చున్నారో ఎవరూ చూడలేదు.

"ఆ బుక్కే ఉంచండి బాబూ," అంది మణెమ్మ. "ఒండినోడి పేరు రాసినోడు మిగతాది అబద్ధం రాయడు."

గణపతిరావు బంగారు అంచు పుస్తకాన్ని తన చేత్తోనే పార్సిలు కాగితంలో చుట్టి, దారం కట్టాడు.

"కేసు నెగ్గేరు మాస్టారూ."

"నేను కాదండి. మణెమ్మ."

"అవును, మణెమ్మే. ఇకనుంచి ఏ పుస్తకం తెప్పించినా ఆవిడకి వినిపించే ఉంచుదాం. ఇష్టమేనా?"

బెంచీలన్నీ ఇష్టమేనన్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు.

సత్యారావు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం పదకొండు పేజీలు చెప్పాడు. ఎవరూ లేవలేదు. మధ్యలో ఒకసారి ఆగి, "అందరికీ వినిపిస్తోందా?" అని అడిగాడు.

"వినిపిస్తంది బాబూ," అంది మణెమ్మ, బయట వరండాలో కిటికీ కింద కూర్చుని.

లోపలికి వచ్చి కూర్చోమని ఆమెతో ఇంకా ఎవరూ అనలేదు.