నరసక్క తీసిన దారం

"ఒక్క లడి పట్టుదారం ఈరన్నా! హిందూపురమంతా నీ ఇంటి దిక్కే చూస్తాండాది," అన్నాడు పట్టుకాయలు ఉడికించి దారం తీసే రీలర్ల సంఘం పెద్ద చెన్నకేశవులు, ధర్మవరంలో ఈరన్న మగ్గం పక్కన గొంతుక్కూర్చుని.

"ఇంకెవరింట్లోనూ లేదా అబ్బా?"

"యాడుంటాదన్నా? కేసు పడిన ఏడాది చేతి చరకా మీద తీసిన దారమే కావాలంట కోర్టుకు. అందరమూ అప్పుడే అమ్ముకుంటిమి. ఇప్పుడన్నీ మిషన్లే."

చైనా పట్టు మీద కేంద్రం దిగుమతి సుంకం వేసింది. తెప్పించుకునే వ్యాపారులు కోర్టుకెక్కారు. హిందూపురం దారం వేరు, చైనా దారం వేరు, పోటీయే లేనప్పుడు సుంకం దేనికని వాళ్ళ వాదన. రెండూ ఒకటేనని పరీక్షలో తేలితే సుంకం నిలుస్తుంది. లేదంటే రీలర్ల పొయ్యిలు ఆరిపోతాయి.

కేసు పడిన ఆ ఏడాదే ఈరన్న భార్య, హిందూపురం ఆడపడుచు నరసక్క పోయింది. ఆమె చేత్తో తీసిన ఆఖరి లడి ఈరన్న దాచుకున్నాడు. పిల్లల్లేరు. పలకరించే దిక్కులేని ఇంట్లో, ఉడికిన పట్టుకాయల వాసన వేసే ఆ లడే ఆయనకు తోడు.

"పరీక్షంటే ఏం చేస్తారబ్బా?"

"కాలుస్తారన్నా. ఒక్క పోగు మిగలదు." చెన్నకేశవులు తల దించుకున్నాడు. "నువ్వు నేసేది చైనా పట్టు. సుంకముంటే నీకే భారం. అయినా సిగ్గిడిచి అడగతాండా."

"ధర్మవరంలో ఎవురు నేసేదైనా అదే గదప్పా," అంటూ ఈరన్న లేచాడు. చైనా పడుగు దారం లడులూ, ట్రంకు పెట్టే ఉండే లోపలి గదిలోకి పోయి, చాలాసేపటికి తెల్లగుడ్డ మూటతో వచ్చాడు.

కోర్టులో "ఇది మీ ఆవిడ తీసిందేనా?" అని అడిగితే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తల ఊపాడు. ఆ కన్నీళ్ళు చూసి జడ్జి మళ్ళీ అడగలేదు.

తీర్పు వచ్చిన సాయంత్రం చెన్నకేశవులు మైసూర్‌పాకు పొట్లంతో పరుగున వచ్చాడు. "గెలిస్తిమన్నా! రెండు దారాలకూ వెంట్రుకవాసి తేడా లేదంట! మా వదిన చెయ్యంటే చెయ్యే!" అని కాళ్ళకు మొక్కబోయాడు.

"అయ్యో, వద్దప్పా!" ఈరన్న గబుక్కున వెనక్కి జరిగాడు. మిఠాయి ముట్టలేదు.

"ఆ లడీ లేకపాయె, ఒక్కడివే ఎట్లుంటావన్నా? పెనుకొండలో మా చెల్లెలింట్లో రెండు దినాలుందువు, రా."

"ఈడే బాగుండాది లేప్పా."

చెన్నకేశవులు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఈరన్న గడియ వేసి, లోపలి గదిలో చాప పరిచాడు.

ట్రంకు పెట్టెలోంచి, ఒక్క పోగూ తగ్గని నరసక్క లడి తీసి చెంపకు ఆనించుకున్నాడు.